రెండు పలకల చదరంగం

ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టగానే ఎవరైనా సరే ముందు అడిగేది ఒకటే: గెలిచావా, ఓడావా? ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చదరంగం ఆడడానికి ఇద్దరు మనుషులు, ఒక పలక ఉంటే చాలు. మార్కాపురంలో ఆ రోజు మా ఇద్దరికీ రెండు పలకలు వేశారు. గెలుపూ ఓటమీ తరవాత సంగతి. ముందు ఆ రెండో పలక ఎందుకు వచ్చిందో అడగాలి.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. మా తాలూకాలన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. నాకు ఇరవై రెండేళ్ళు. కంభంలో మిషను బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. మాది అర్ధవీడు దగ్గర పల్లె. మా తాత కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నాం. తీసుకున్నా ఊరివాళ్ళకు మాత్రం మేం ఏ పేటవాళ్ళమో ఆ పేటవాళ్ళమే. నాయన మొదట్లో కూలికి పోయేవాడు. తరవాత మిషను ఆసుపత్రిలో వార్డు ఊడ్చే పని దొరికి కంభం వచ్చాడు.

ఆ ఆసుపత్రిలో ఒక ముసలి డాక్టరు దొర ఉండేవాడు. సాయంత్రాలు వరండాలో చదరంగం పరుచుకుని రెండు వైపులా తనే ఆడుకునేవాడు. నాయన అక్కడే ఊడుస్తూ చూసేవాడు. చూసి చూసి, ఒకనాడు ఉండబట్టలేక "అయ్యా, ఆ గుర్రం పోతాది" అన్నాడట. దొర పలక వంక చూసి, నాయన వంక చూసి, చీపురు పక్కన పెట్టించి ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆ దొర తన దేశం వెళ్ళిపోయేదాకా ఇద్దరూ ఆడారు.

దొర వెళ్ళాక నాయనకు ఎదురు కూర్చునేవాళ్ళు లేక నాకు నేర్పాడు. మార్కాపురం పలకల గనుల దగ్గర పారేసిన పెచ్చు ఒకటి మోసుకొచ్చి, మేకుతో గళ్ళు గీశాడు. వేపకొమ్మలు చెక్కి బొమ్మలు చేశాడు. ఒక పక్షానికి దీపం మసి పూశాడు. పదేళ్ళు నన్ను ఓడించాడు. ఊరికే గెలవనిచ్చి మురిపించడం ఆయనకు తెలియదు. మొదటిసారి నేను గెలిచిన రోజు లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, "ఇంకొకటి ఆడదాం" అన్నాడు.

మార్కాపురంలో ఆఫీసర్లు, ప్లీడర్లు చేరే క్లబ్బు ఒకటి ఉండేది. యుద్ధ నిధి కోసమని వాళ్ళు చదరంగం పోటీలు పెట్టారు. జిల్లా నుంచి వచ్చిన ఒక దొరసాని, ఆడవాళ్ళకు కూడా పోటీ ఉంటే బాగుంటుందని అన్నదట. ఆమె మాట కాదనలేక నోటీసులో ఒక వాక్యం చేర్చారు. స్త్రీలకు ప్రత్యేక పోటీ, ఇంగ్లీషు పద్ధతి. మా హెడ్మిస్ట్రెస్ ఆ నోటీసు చదివి నా పేరు పంపింది. మొత్తం వచ్చినవి నాలుగు పేర్లు. అందులో రెండు వాళ్ళ ఇళ్ళవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. మిగిలింది నేను, మార్కాపురంలోనే ఒక బట్టల వ్యాపారి ఇంటి రెండో కోడలు. గెలిచినవాళ్ళకు ఇచ్చే వెండి కప్పు క్లబ్బు సభ్యుడైన ఆమె మామగారు ఇచ్చిందే.

నాయన ఆసుపత్రిలో సెలవు అడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. కంభంలో రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, అక్కణ్ణుంచి జట్కాలో ఊళ్ళోకి వెళ్ళాం. దారి పొడవునా ఆయన నాకు ఒక్కటే చెప్పాడు. "తొందరపడొద్దు. చెయ్యి బొమ్మ మీదికి పోయేముందు ఒకసారి కిందికి దించు."

క్లబ్బుకు వెళ్ళేసరికి లోపల పెద్ద గదిలో మగవాళ్ళ ఆటలు సాగుతున్నాయి. సెక్రటరీ ఒక ప్లీడరు. నల్లకోటు, బంగారు గొలుసు గడియారం. మెట్ల మీదికి వచ్చి నన్ను ఆపాడు.

"కంభం టీచరువు నువ్వేనా? అదో, ఆ వరండాలో బెంచీ మీద నీకు పలక వేయించినాం. అక్కడ కూర్చో."

"ఆమె ఎక్కడ కూర్చుంటారు సార్?"

"వాళ్ళు లోపల కూర్చుంటారు. వాళ్ళకు వేరే పలక ఉండాది. గుమాస్తా నీ ఎత్తు పోయి వాళ్ళకు చెప్తాడు, వాళ్ళ ఎత్తు వచ్చి నీకు చెప్తాడు. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఏర్పాటు చేసినాం."

ఆమె 'వాళ్ళు'. నేను 'నువ్వు'. అది అలవాటైన దెబ్బే. కానీ ఆ 'ఇబ్బంది' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను ముట్టుకున్న బంటును ఆమె ముట్టుకోవలసి రావడం ఇబ్బంది. ఆమె కొట్టిన నా ఏనుగు ఆమె చేతిలో ఉండడం ఇబ్బంది. ఇదంతా కూర్చుని ఆలోచించి, రెండో పలక తెప్పించి, గుమాస్తాను పెట్టి, ఎంత మర్యాదగా కుదిర్చానో చూడు అన్నట్టు నవ్వాడు ఆయన. తిట్టి బయటికి పొమ్మన్నా అంత కోపం వచ్చేది కాదు.

నాయన వైపు చూశాను. ఆయనను మెట్లు ఎక్కనివ్వలేదు. వాకిట్లో సైకిళ్ళు పెట్టినచోట నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"పోదామా నాయనా?" అన్నాను.

"నీ ఇష్టం బిడ్డా. ఆడాలని ఉంటే ఆడు. నేను ఇక్కడే ఉంటా."

వెనక్కి వెళ్ళిపోయి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆడాలని ఉంది. నాయనతో తప్ప ఇంకొకరితో ఆడి ఎరగను. ఆ ఆశకు లొంగి బెంచీ మీద కూర్చున్నాను.

తెల్లవి నావి. గళ్ళు చెప్పడానికి ఒక పద్ధతి పెట్టారు. ఎత్తు వేసినవాళ్ళ కుడిచేతి వైపు నుంచి వరుసలు లెక్కపెట్టాలి. ఇద్దరం ఎదురెదురుగా ఉన్నట్టు లెక్క కాబట్టి నా కుడి ఆమెకు ఎడమ అవుతుంది. ఆ సంగతి గుర్తుంచుకుని బొమ్మను సరైన గడిలో పెట్టడం గుమాస్తా పని. ఆయన తాలూకా కచేరీలో పనిచేసే మనిషి. పాపం, చెడ్డవాడు కాదు. చెమటలు కక్కుతూ ఆ గడప ఎన్నిసార్లు దాటాడో.

నేను కూర్చున్నచోటికి లోపలి కిటికీ వారగా కనపడేది. అందులోంచి ఆమె మొహం కనపడదు. పలక మీదికి వచ్చే చెయ్యి మాత్రం కనపడేది, ఎర్రగాజుల మధ్య రెండు బంగారు గాజులు. ఆ చెయ్యి తొందరపడేది కాదు. పదో ఎత్తుకల్లా నాకు అర్థమైంది, ఈమె మా నాయన కన్నా గట్టిది. నేను ఒక బంటును ఎరగా పెడితే ముట్టలేదు. నా గుర్రం ఎక్కడికి పోవాలనుకుంటున్నదో ఆ గడికి ముందే కాపలా పెట్టింది. మనిషి కనపడకపోయినా ఆమె ఆలోచన నాకు ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అంత ఆనందం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. మధ్యలో గుమాస్తా ఉన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాను.

ఇరవై ఎత్తులు దాటాయి. మగవాళ్ళ ఆటలు ఒక్కొక్కటే ముగిసి వాళ్ళు లోపల ఆమె బల్ల చుట్టూ మూగారు. కూరలో ఉప్పు సంగతి ఏదో ఒకాయన అన్నాడు, అందరూ నవ్వారు. ఆమె చెయ్యి ఆగింది. నవ్వులు తగ్గేదాకా కదలలేదు.

అప్పుడు నేను ఒక ఎత్తు వేశాను. ఆమె రాజు ఉన్న వరుస నా వైపు నుంచి ఖాళీగా ఉంది. ఆ రాజు ముందు ఒక్క బంటు మాత్రం నిలబడి ఉంది. ఆ బంటు మీద నా మంత్రి కన్ను అప్పటికే ఉంది. నేను ఏనుగును తెచ్చి ఆ ఖాళీ వరుస మొదట్లో నిలబెట్టాను. తరవాతి ఎత్తులో మంత్రితో ఆ బంటును కొడితే, మంత్రిని రాజు కొట్టలేడు. వెనక ఏనుగు అండ ఉంది. ఆట కట్టు.

"ఏనుగు, కుడి నుంచి రెండో వరుస, నా దగ్గరి గడి" అని గుమాస్తాకు చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళాడు. జనాన్ని తోసుకుని వెళ్ళడం చూశాను. కాసేపటికి వచ్చి ఆమె ఎత్తు చెప్పాడు. ఆమె ఆ ముప్పు వైపు చూడనే లేదు. పలక ఇంకో మూల ఒక బంటును జరిపింది.

నాకు వింతగా అనిపించింది. అంతసేపు అంత జాగ్రత్తగా ఆడిన మనిషి ఇది చూడకపోవడం ఏమిటి? అడిగి ఉండవలసింది. అడగలేదు. ఎదురుగా గెలుపు కనపడుతుంటే మనిషికి అనుమానం రాదు. చెయ్యి ఒకసారి కిందికి దించి, మళ్ళీ ఎత్తి, మంత్రితో బంటును కొట్టాను.

"ఆట కట్టు" అన్నాను.

గుమాస్తా వెళ్ళాడు. లోపల పెద్ద నవ్వు లేచింది. ఆయన మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చాడు.

"రాజు మంత్రిని కొట్టేసినాడమ్మా."

"ఎట్ల కొడతాడు? వెనక నా ఏనుగు ఉంది గదా."

"ఏనుగు ఆడ లేదే" అన్నాడు ఆయన.

కిటికీ లోంచి ఆమె గొంతు మొదటిసారి వినపడింది. "గుమాస్తా గారూ, ఆ ఏనుగును ఎక్కడ పెట్టమని చెప్పింది ఆ టీచరమ్మ?"

"కుడి నుంచి రెండో వరుస అమ్మా."

"ఎవరి కుడి?"

గుమాస్తా తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"మీరు నా కుడి నుంచి లెక్కపెట్టి పెట్టినారు" అన్నది ఆమె. "ఆమె కుడి నుంచి పెట్టాల. అట్లయితే ఏనుగు ఈడ ఉండాల. నేను లేని ముప్పును చూసుకుని ఆ మూల బంటును జరిపినా."

సెక్రటరీ దగ్గాడు. "అమ్మా, మీ పలక మీద మీరు గెలిచినారు. ఆమె మంత్రి పోయింది. ఇంకేంది? అయిపోయింది ఆట."

"నా పలక తప్పు అంటుండాను గదా. ఆ ఏనుగు ఎత్తు దగ్గరికి పోదాం. ఈసారి ఒకే పలక మీద ఆడతాం. గుమాస్తా గారికీ తిప్పలు తప్పుతాయి."

"ఒకే పలక ఎట్ల కుదురుతాదమ్మా?"

"ఏం, ఎందుకు కుదరదు?"

ఆయన వరండా వైపు, నా వైపు చూశాడు. ఆ పని చేయడానికి ఆయనకు సిగ్గు లేదు. దాని పేరు నోటితో చెప్పడానికి మాత్రం సిగ్గు వచ్చింది.

కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆమె గడప దాటి వరండాలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పొడుగ్గా ఉంది, కడుపుతో ఉంది. చూపు తిప్పకుండా వచ్చి బెంచీకి అవతలి కొసన, పలకకు ఎదురుగా కూర్చుంది. ముందు పలక చూసింది. తరవాత నన్ను చూసింది.

"నా ఎత్తు నేను మార్చుకోవచ్చునా చెల్లె? నువ్వు ఒప్పుకుంటేనే."

"మార్చుకోండమ్మా" అన్నాను. అక్కా అనే ధైర్యం నాకు రాలేదు.

నా మంత్రిని వెనక్కి పెట్టాను. ఆమె మూల బంటును, కొట్టిన బంటును వాటి గళ్ళలో తిరిగి పెట్టింది. తరవాత రాజు ముందున్న బంటును ఒక గడి పైకి జరిపింది. అంతే, నా ముప్పు ఆగిపోయింది. ఏనుగును సరైన చోట చూసి ఉంటే మొదటే ఆ ఎత్తు వేసేది. నేను అన్న 'ఆట కట్టు' నాకు రావలసింది కాదు. అది ఒప్పుకోవడంలో నాకు బాధ లేదు. ఆ తప్పు ఆమెదీ కాదు, నాదీ కాదు. ఆ రెండు పలకలది.

మళ్ళీ ఆడడం మొదలుపెట్టాం. ఇప్పుడు మాటలు అక్కరలేదు. నేను జరిపితే ఆమె చూసేది, ఆమె జరిపితే నేను చూసేదాన్ని. నా గుర్రాన్ని ఒకదాన్ని కొట్టి, తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. మా చుట్టూ ఏం జరుగుతున్నదో నాకు చెవుల్లో పడుతూనే ఉంది. ఒకాయన ఆమెను ఇంటికి తీసుకుపోయి స్నానం చేయించాలని అన్నాడు. ఇంకొకాయన దీనికంతటికీ ఆ దొరసాని కారణమన్నాడు. దొరసాని ఆ రోజు రానే లేదు. మగవాళ్ళలో మాకు ఒక్క మాట సాయం చేసినవాడు లేడు. చదువుకున్నవాళ్ళు. సభల్లో స్వాతంత్ర్యం గురించి మాట్లాడేవాళ్ళు.

పది ఎత్తులైనా అయి ఉండవు, ఆమె మరిది వచ్చాడు. ఎవరో దుకాణానికి కబురు పంపారు.

"వదినా, లెయ్. నాయన పిలుస్తుండాడు."

"ఈ ఆట అయినాక వస్తా."

"అట్లయితే నాయనే ఈడికి వస్తాడంట."

ఆమె చెయ్యి పలక మీద ఆగింది. మామగారు పదిమందిలోకి వచ్చి నిలబడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. లేచింది. ఒళ్ళోని గుర్రాన్ని, రెండు బంట్లను బెంచీ మీద పెట్టింది. పలకను మూలమూలా చూసింది.

"ఎత్తు నాది. ఇది నీకు గుర్తుంటాదా?"

"ఉంటాదమ్మా."

తల ఊపి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను లేచేసరికి సెక్రటరీ వచ్చాడు. ఆయన నాకు ఏదో మంచి చేస్తున్నట్టే అన్నాడు, "ఆ పలక, ఆ బొమ్మలు నువ్వే తీసుకపో. ఇంక మాకు పనికి రావు."

వార్నిషు పూసిన కొత్త బొమ్మలు అవి. ఆమె చెయ్యి, నా చెయ్యి కలిసి తగిలినందుకు ఇంక పనికి రావు. నాయన వాకిట్లోంచి రెండు మెట్లు ఎక్కి వచ్చాడు. ఆపమని కూడా ఎవరికీ తోచలేదు.

"మాకొద్దయ్యా. మాకు మా పలక ఉండాది" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

రైల్లో నాయన కంభం దగ్గర పడుతుండగా, "ఆ డాక్టరు దొర వేరే దేశంవాడు. వేరే పలక తెమ్మని ఒక్కనాడూ అనలేదు" అన్నాడు.

నెల రోజుల తరవాత బడి పని మీద మార్కాపురం వెళ్ళినప్పుడు క్లబ్బు గోడకు అంటించిన ఫలితాల కాగితం చూశాను. మగవాళ్ళ పేర్లన్నీ ఇంటిపేర్లతో, ఉద్యోగాలతో సహా ఉన్నాయి. కింద ఒక వరుస. స్త్రీల పోటీలో విజేత, ఫలానా వారి రెండవ కోడలు. ప్రత్యర్థి, ఒక మిషను టీచరు. ఆమె పేరూ లేదు, నా పేరూ లేదు. అంతసేపు తలలు బద్దలు కొట్టుకుని ఆడినవాళ్ళం ఇద్దరమూ ఆ కాగితంలో లేము. చెల్లదని ఆమే తేల్చి వదిలేసిన గెలుపు మాత్రం ఉంది. కప్పు ఆ మామగారి దుకాణంలో అద్దాల బీరువాలో పెట్టారని విన్నాను.

అప్పటికే మా బడికి ఆ సెక్రటరీ దగ్గరనుంచి ఉత్తరం వచ్చి ఉంది. మీ టీచరు మా సభ్యుడి ఇంటి ఆడవాళ్ళకు అమర్యాద కలిగించిందని దాని సారాంశం. మా హెడ్మిస్ట్రెస్ మంచిదే, కానీ గొడవలంటే భయం. "క్షమాపణగా రెండు వాక్యాలు రాసియ్యి, పంపిస్తాను" అన్నది. నేను రెండు వాక్యాలు రాసిచ్చాను. "నన్ను కూర్చోమన్నచోటే కూర్చున్నాను. ఎవరికీ అమర్యాద చేయలేదు." ఆమె చదివి, కాగితం మడిచి సొరుగులో పెట్టుకుంది. పంపలేదనుకుంటాను. నన్ను మళ్ళీ అడగలేదు.

ఆ వారంలోనే నాకు ఒక కార్డు వచ్చింది. పైన 'టీచరమ్మ, మిషను బడి, కంభం' అని మాత్రమే ఉంది. నా పేరు ఆమెకు ఎవరు చెప్పారు గనుక? లోపల గుండ్రటి అక్షరాలు.

"చెల్లెకు. ఎత్తు నాది గదా. నా శకటును నీ కుడి నుంచి మూడో వరుసలో, నీ నుంచి ఐదో గడిలో పెట్టినాను. నీ ఎత్తు రాయి. మా పుట్టినిల్లు గిద్దలూరు. ప్రసవానికని వచ్చి ఉన్నాను, కార్డు ఇక్కడికే రాయి. మార్కాపురం రాయవద్దు."

నాయన పెచ్చు మీద బొమ్మలు ఆ రోజున్నట్టే పేర్చాను. ఆమెకూ నాకూ ఒక్క గడి తేడా రాలేదు. జవాబు రాశాను. 'అక్కకు' అని రాశాను. వారానికో కార్డు, ఒక్కోసారి రెండు వారాలకు. ఒక కార్డులో కొడుకు పుట్టాడని, దాని కిందనే ఏనుగు ఎత్తు. ఇంకో కార్డులో తనకు ఆట నేర్పింది తండ్రి అని, వానాకాలం దుకాణానికి ఎవరూ రాని మధ్యాహ్నాలు ఆడేవారని రాసింది. పోస్టుమాస్టరు ఒకసారి నన్ను పిలిచి ఏనుగులు, గుర్రాలు ఏందని అడిగాడు. యుద్ధం రోజులు కాబట్టి అనుమానం. పలక తీసుకెళ్ళి చూపించాల్సి వచ్చింది.

ఏడు నెలలు పట్టింది. చివరికి నా రాజు, రెండు బంట్లు మిగిలాయి. ఆమెకు ఏనుగు మిగిలింది. ఓడిపోయానని కార్డు రాశాను. నాయన పలక ముందు కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి వెనక్కి వెతికాడు. శకటును వదులుకున్నచోట అని తేల్చాడు. నిజమే.

ఈ కథ విన్నవాళ్ళు ఇక్కడికి వచ్చాక చల్లబడతారు. ఆమె అంత మంచిది, కార్డులు రాసింది, ఆట పూర్తయింది గదా అంటారు. ఆమె మంచిదే. నాకు ఆమె మీద కోపం ఎన్నడూ లేదు. కానీ ఎదురెదురుగా కూర్చుంటే అరగంటలో తేలిపోయే ఆట అది. ఒక మనిషి పుట్టింట్లో దాక్కున్నట్టు కూర్చుని, ఇంకో మనిషి పోస్టాఫీసులో సంజాయిషీ చెప్పుకుని, ఏడు నెలలు ఆడవలసి వచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని నేను ఆడింది మొత్తం మీద పది ఎత్తులైనా లేవు. మిగతావన్నీ మా దగ్గరనుంచి తీసేసుకున్నారు. తీసుకున్నవాళ్ళకు అది గుర్తు కూడా ఉండి ఉండదు.